గోడ మీది పటం మ్యూజియం సొరుగులోకి

సంక్షిప్తంగా: భక్తి పటాలు, ప్రకటన కార్డులు, క్యాలెండర్ బొమ్మల వంటి చవక అచ్చు చిత్రాలు పెద్ద మ్యూజియాలకు చాలా వరకు దానంగానే చేరాయి. అవి అమ్ముడైన రోజుల్లో మ్యూజియాలు వాటిని కొనదగ్గ వస్తువులుగా చూడలేదు. చూడడం మొదలుపెట్టేసరికి అవి సేకరణకర్తల ఇళ్లలోనే మిగిలాయి. అయితే దానంలో చేతులు మారేది కాగితం ఒక్కటే కాదు. సేకరించిన మనిషి పేర్చిన వరస, పెట్టిన షరతులు, పన్ను లెక్క, కాపాడే బాధ్యత కూడా దానితో పాటే వెళతాయి.

ఒకే కాలం, రెండు పటాలు

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఉన్న జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఒక పాత చేతిరాత పుస్తకం ఉంది. దాని అట్ట లోపలి వైపు రంగులద్దిన చెక్క అచ్చు బొమ్మ ఒకటి అతికించి ఉంటుంది. బాల యేసును భుజాన మోస్తూ నది దాటుతున్న సెయింట్ క్రిస్టఫర్ బొమ్మ అది. కింద లాటిన్‌లో రెండు పాదాలు, 1423 అనే సంవత్సరం ఉన్నాయి. ఈ ముఖం చూసిన రోజున దుర్మరణం ఉండదని ఆ పాదాల సారాంశం. అంటే ఇది అలంకారానికి కాదు, రక్షణకు పెట్టుకున్న పటం. తేదీ ఉన్న యూరప్ చెక్క అచ్చుల్లో అత్యంత పాతవాటిలో ఇదొకటి.

ఇది మిగలడానికి కారణం పనితనం కాదు, పుస్తకం అట్టకు అతుక్కుపోవడం. గోడకు అంటించిన ఇలాంటి పటాలు పొగచూరి, చెమ్మ పట్టి, చిరిగి పోయాయి. ఈ పుస్తకం జర్మనీలోని బుక్స్‌హైమ్ మఠం నుంచి కాలక్రమంలో స్పెన్సర్ ప్రభువుల గ్రంథాలయానికి చేరింది. ఆ గ్రంథాలయాన్ని 1892లో ఎన్రికెటా రైలాండ్స్ మొత్తంగా కొని, భర్త పేరిట తాను కట్టిస్తున్న లైబ్రరీలో ఉంచారు. 1900 నుంచి అది ప్రజలకు అందుబాటులో ఉంది.

దాదాపు అదే కాలానికి చెందిన మరో చెక్క అచ్చు ఇటలీలోని ఫోర్లీ పట్టణంలో ఉంది. 1428లో అక్కడి బడి ఒకటి తగలబడింది. గోడకు అంటించి ఉన్న మరియమ్మ పటం మాత్రం కాలలేదని చెబుతారు. ఆ కాగితాన్ని నేటికీ ఆ ఊరి కెథడ్రల్‌లో, అంటే ప్రధాన చర్చిలో పూజిస్తున్నారు. రెండూ చవక అచ్చులే, రెండూ అదృష్టం కొద్దీ దక్కినవే. ఒకటి పరిశోధకులు సమయం అడిగి చూసే వస్తువైంది, రెండోది దేవుడి దగ్గరే ఉండిపోయింది. మత సంబంధమైన అచ్చు చిత్రాలను మ్యూజియానికి ఇవ్వడం గురించి నడిచే చర్చంతా ఈ రెండు గమ్యాల మధ్యే తిరుగుతుంది.

మ్యూజియాలు అప్పుడే ఎందుకు కొనలేదు?

అచ్చు చిత్రాలను మ్యూజియాలు మొదటి నుంచీ దాచుకుంటూనే ఉన్నాయి. 1667లో మిషెల్ ద మరోల్ అనే మతాధికారి తన దగ్గరున్న లక్షా ఇరవై వేలకు పైగా అచ్చు చిత్రాలను ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలోని అచ్చు చిత్రాల విభాగానికి పునాది అదే. అయితే ఇలాంటి చోట్ల పెద్దపీట దక్కింది డ్యూరర్, రెంబ్రాంట్ వంటి పేరున్న చిత్రకారుల పనికి. డ్యూరర్ 1498లో అచ్చువేసిన ‘అపోకలిప్స్’ వరస కూడా మతచిత్రాలే. కాబట్టి అడ్డువచ్చింది మతం కాదు. పేరు లేకపోవడం, ధర తక్కువ కావడం, ఎక్కడ చూసినా కనిపించడం, ఈ మూడూ అడ్డువచ్చాయి.

ఎక్కడ చూసినా కనిపించేలా చేసింది సాంకేతికత. 1796 ప్రాంతంలో అలోయిస్ సెనెఫెల్డర్ రాతి అచ్చును, అంటే లితోగ్రఫీని కనిపెట్టాడు. నూనె, నీరు కలవవన్న ఒక్క సూత్రం మీద నడిచే పద్ధతి ఇది. జిడ్డు సిరాతో నున్నటి సున్నపురాయి మీద బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా రోలర్ దొర్లిస్తే గీత ఉన్నచోటే సిరా పట్టుకుంటుంది. చెక్కడం లేదు, తొలచడం లేదు. 1837లో గోడ్‌ఫ్రువా ఎంగెల్మాన్ దీనికి రంగులు జోడించి పేటెంటు పొందాడు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అన్ని రాళ్ల అచ్చూ ఒకే కాగితం మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. మంచి పటానికి పదికి పైగా రాళ్లు పట్టేవి. ఇంత శ్రమా మొదటి ప్రతి దగ్గరే. ఆ తర్వాత వేల ప్రతులు చవకగా దిగిపోతాయి.

భారతదేశంలో ఈ పద్ధతి దేవుళ్ల రూపాలనే స్థిరపరిచింది. 1878లో కలకత్తా ఆర్ట్ స్టూడియో, అదే ఏడాది పుణేలో చిత్రశాల ప్రెస్ మొదలయ్యాయి. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ వచ్చింది. జర్మనీలో అచ్చయి దిగుమతైన దేవుడి బొమ్మలు కూడా వీటి పక్కనే అమ్ముడయ్యాయి. తామర మీద నిలబడిన లక్ష్మి, వీణ పట్టిన సరస్వతి అనగానే కళ్లముందు మెదిలే రూపం చాలామందికి ఈ పటాల నుంచి వచ్చిందే. కానీ అప్పటి మ్యూజియాలు రాతి శిల్పాలు, కంచు విగ్రహాలు, సూక్ష్మచిత్రాలు వెతుక్కుంటున్నాయి. బజారులో దొరికే పటాన్ని మ్యూజియంలో పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ తట్టలేదు. యూరప్‌లోనూ ఇదే వరస. ఫ్రాన్స్‌లోని ఎపినాల్ పట్టణంలో పెలెరాన్ అచ్చుశాల 1796 నుంచి సాధువుల బొమ్మలు, సైనికుల బొమ్మలు గుట్టలుగా అచ్చువేసింది. వాటిని ఊరూరా తిరిగే చిల్లర వర్తకులు అమ్మారు. అవి కళాచరిత్రలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి.

రవివర్మ ప్రెస్ 1972లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఇలా తయారైన చోటే రికార్డు పోయినప్పుడు మిగిలే సాక్ష్యం జనం చేతుల్లోని కాగితాలే. వాటిని ఏరి దాచినవాళ్లు మ్యూజియం ఉద్యోగులు కారు, సొంత ఆసక్తితో తిరిగినవాళ్లు.

బర్డిక్ ఇచ్చింది ఏమిటి?

సేకరణకర్త మ్యూజియానికి నిజంగా ఏమిస్తాడో తెలియాలంటే జెఫర్సన్ బర్డిక్ ఉదంతం చూడాలి. అమెరికాలోని సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసిన ఈయన సంపన్నుడు కాదు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన మనిషి. ఆయన దాచినవి పోస్టుకార్డులు, శుభాకాంక్షల కార్డులు, సిగరెట్ పెట్టెల్లో వచ్చే బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు, దుకాణాల ప్రకటన కార్డులు. మూడు లక్షలకు పైగా.

1947 నుంచి ఆయన వాటిని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి విడతలుగా ఇవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత తానే మ్యూజియానికి వచ్చి అచ్చు చిత్రాల విభాగంలో ఒక బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో కార్డునూ వర్గం చూసి, వరస చూసి ఆల్బమ్‌లలో అతికించాడు. ఏళ్లు పట్టింది. 1963 జనవరిలో ఆ పని ముగించాడు. రెండు నెలలకు చనిపోయాడు.

ఆయన లేకపోతే ఆ మూడు లక్షల ముక్కలు చిత్తుకాగితాలే. ఏ కార్డు ఏ కంపెనీది, ఏ వరసలోది, ఆ వరసలో మొత్తం ఎన్ని అన్నది ఆయనే తేల్చాడు. పొగాకు కంపెనీ కార్డులకు ‘టి’ అక్షరం, దాని తర్వాత సంఖ్య అని ఆయన పెట్టిన గుర్తులనే ఆ కార్డుల వ్యాపారం ఇప్పటికీ వాడుతోంది. ఆయన ‘టి206’ అని గుర్తు పెట్టిన వరసలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉంది. 2022లో దాని ప్రతుల్లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న వాగ్నర్ కార్డు బర్డిక్ ఇచ్చిందే, ఆల్బమ్ కాగితానికి అతికించిందే. బజారు దృష్టిలో కార్డుకు జిగురు పూయడం దాన్ని పాడుచేయడం. ఆయన దృష్టిలో వరస తప్పకుండా ఉండడమే దాన్ని కాపాడడం. ఏది సరైనదో తేల్చడం కష్టమే గానీ, ఆ కార్డులు విడివిడిగా వేలానికి పోకుండా ఒక్కచోట నిలవడంలో ఆ జిగురుకూ పాత్ర ఉంది.

భక్తి పటాల విషయంలోనూ ఇదే సూత్రం. ఒక్క లక్ష్మి పటం తెచ్చిస్తే మ్యూజియానికి ఒక బొమ్మ దక్కుతుంది. అదే పటం నాలుగు ప్రెస్సుల్లో అచ్చయిన నాలుగు రూపాలు, వాటి కింద ప్రకటన చేర్చిన క్యాలెండర్ ప్రతి, పూసలూ జరీ కుట్టిన ప్రతి కలిపి ఇస్తే ఒక బొమ్మ ఎలా ప్రయాణించిందో ఆ కట్టే చెబుతుంది. అందుకే అచ్చు చిత్రాల దానంలో ఎప్పుడూ విడి కాగితం కన్నా కట్టకే విలువ.

దానపత్రంలో దాగే చిక్కులు

దానం అనగానే షరతులు లేనిదని అనుకుంటాం. ఆచరణలో దానపత్రం ఒప్పందానికి తక్కువేమీ కాదు. దాత పేరు ఎలా రాయాలి, సేకరణను విడదీయవచ్చా, బయటకు అరువివ్వవచ్చా, అమ్మవచ్చా అన్నవన్నీ అందులో తేలాలి.

షరతు బిగుసుకుంటే ఏమవుతుందో స్కాట్లండ్‌లోని బరెల్ కలెక్షన్ చూపించింది. ఓడల వ్యాపారి విలియం బరెల్ 1944లో తన సేకరణను గ్లాస్గో నగరానికి ఇచ్చాడు. దాన్ని నగరపు బొగ్గు పొగకు దూరంగా ఉంచాలని, విదేశాలకు అరువివ్వకూడదని షరతులు పెట్టాడు. తగిన స్థలం దొరక్క భవనం 1983లో గాని తెరుచుకోలేదు. విదేశాలకు పంపే వీలు కోసం 2014లో స్కాటిష్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఇవి వస్త్రాలు, శిల్పాలు, చిత్రాలు కలిసిన సేకరణ. కాగితం విషయంలో ఇలాంటి షరతు మరీ ఇబ్బంది. ఎప్పుడూ ప్రదర్శనలో ఉంచాలని దాత పట్టుబడితే ఆ కాగితం వెలుతురుకు వెలిసిపోయి దానమే దండగవుతుంది.

మరో పద్ధతి అమెరికా సేకరణకర్త లెసింగ్ రోజెన్‌వాల్డ్‌ది. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు 1943 నుంచి ఆయన ఇచ్చిన అచ్చు చిత్రాలు, రేఖాచిత్రాలు సుమారు 22,000. పదిహేనో శతాబ్దపు భక్తి పటాలు కూడా వాటిలో ఉన్నాయి. అమెరికాలో అలాంటివి అరుదు. హక్కు గ్యాలరీకి రాసిచ్చినా, 1979లో చనిపోయేదాకా సేకరణను ఫిలడెల్ఫియా దగ్గర తన ఇంటి గ్యాలరీలోనే ఉంచి కొత్తవి చేర్చుతూ వచ్చాడు. మ్యూజియానికి మూడున్నర దశాబ్దాల పాటు నిల్వ ఖర్చు తప్పింది, సేకరణ పెరుగుతూ పోయింది. దాతకూ తన పటాలు కంటి ముందే ఉన్నాయి.

చాలామందికి తట్టని మెలిక కాపీరైటుది. కాగితం ఇచ్చినంత మాత్రాన బొమ్మ మీద హక్కు ఇచ్చినట్టు కాదు. పందొమ్మిదో శతాబ్దపు పటాలకు ఈ బాధ లేదు. కానీ భారత చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు నిలుస్తుంది. కాబట్టి 1960ల నాటి క్యాలెండర్ బొమ్మ సేకరణకర్తదే అయినా, దాన్ని పోస్టరుగా అచ్చువేసే అధికారం ఆయన మ్యూజియానికి ఇవ్వలేడు. ఆ హక్కు ఆయనకే లేదు మరి.

పన్ను లెక్క ఎక్కడ తేలుతుంది?

కొందరు అభిమానంతో ఇస్తారు, కొందరు పన్ను కోసం ఇస్తారు, ఎక్కువమంది రెండూ కలిపి. దేశాన్ని బట్టి ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది.

అమెరికాలో ఏడాదికి పైగా తన దగ్గరున్న కళాఖండాన్ని మ్యూజియానికి ఇస్తే, కొన్నప్పటి ధరతో పని లేకుండా ఇచ్చిన రోజు బజారు విలువను ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. ఆ తగ్గింపు సాధారణంగా ఏడాది ఆదాయంలో 30 శాతం దాటకూడదు. మిగిలినదాన్ని తర్వాతి ఐదేళ్లలో తగ్గించుకోవచ్చు. అదే వస్తువు అమ్మితే లాభం మీద 28 శాతం దాకా పన్ను పడుతుంది. చిత్తుకాగితాల ధరకు కొన్న పటాలు ముప్పై ఏళ్ల తర్వాత విలువ పెరిగి కూర్చుంటే, అమ్మడం కన్నా ఇవ్వడం వైపు మనసు మొగ్గడానికి ఇదొక కారణం.

ఈ వెసులుబాటును వాడుకోబోయి ఒకప్పుడు అచ్చు చిత్రాలే చెడ్డపేరు తెచ్చుకున్నాయి. 1970లు, 80లలో ప్రింట్లను టోకున తక్కువ ధరకు కొనడం, ఏడాది గడిచేదాకా ఆగడం, ఒక్కోదానికి చిల్లర ధర కట్టించి సంస్థలకు దానం చేయడం ఒక పన్ను ఎత్తుగడగా సాగింది. 1984లో అమెరికా ప్రభుత్వం నిబంధనలు బిగించింది. 5,000 డాలర్లు దాటితే అర్హత గల మదింపుదారు నివేదిక తప్పనిసరి. ఒకే రకం వస్తువులన్నీ కలిపి లెక్కించాలి. ఒకే రకానికి ఉదాహరణలుగా ఆ నిబంధన చెప్పే వాటిలో లితోగ్రాఫులూ ఉన్నాయి. కాబట్టి 50 డాలర్ల పటాలు 200 ఇచ్చి, ఒక్కోటీ చిన్నదే కదా అంటే కుదరదు.

విలువ కట్టడంలోనూ అచ్చు చిత్రాలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒకే రకం పటాలు వెయ్యి ఒకేసారి బజారుకు వస్తే ధర పడిపోతుంది. ఒక్కదాని ధరను వెయ్యితో హెచ్చవేస్తే వచ్చే అంకె కాగితం మీదే ఉంటుంది. అందుకే ఒకే రకం కళాఖండాలు పెద్ద సంఖ్యలో ఉన్నప్పుడు మొత్తం మీద కొంత కోత వేసి లెక్కకట్టే పద్ధతి అక్కడి కోర్టుల్లో స్థిరపడింది. సేకరణకు కట్టగా విలువ ఎక్కువని మ్యూజియం సేకరణను చూసుకునే క్యూరేటర్ చెబుతాడు, కట్టగా విలువ తక్కువని పన్ను అధికారి చెబుతాడు. ఇద్దరి మాటా నిజమే.

బ్రిటన్‌లో 2013 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం, జాతీయ ప్రాముఖ్యం ఉన్న వస్తువు ఇచ్చిన వ్యక్తికి దాని విలువలో 30 శాతం దాకా పన్నులో తగ్గింపు దొరుకుతుంది. భారతదేశంలో ధార్మిక విరాళాలకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే వర్తిస్తుంది. వస్తువు ఇస్తే లేదు. ఇక్కడ పటాలు దానం చేసే వ్యక్తికి దక్కేది పేరు, సేకరణ చెదిరిపోదన్న భరోసా. ఆ భరోసా బలహీనంగా ఉన్నచోట సేకరణలు వారసుల మధ్య పంచుకుపోవడంలో ఆశ్చర్యం లేదు.

భారతదేశంలో వయసు కూడా ఒక లెక్కే. 1972 నాటి పురావస్తు చట్టం కింద వందేళ్లు నిండిన చిత్రాలు, కళాఖండాలు పురావస్తువుల కోవలోకి వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నేరం. ఇలాంటి అచ్చు పటం మీద సాధారణంగా తేదీ ఉండదు గనుక ఆ గీతకు ఏ పక్కన ఉందో చెప్పడానికి ప్రెస్ పేరు, అది ఉన్న ఊరి పేరు అక్కరకొస్తాయి. విదేశీ మ్యూజియం ఇలాంటి పటాన్ని తీసుకునే ముందు అది దేశం దాటిందెప్పుడో చూపే రసీదులు అడుగుతుంది. చవకగా కొన్నవాటికి రసీదు దాచుకునే అలవాటు మాత్రం ఎవరికీ ఉండదు.

రెండో ప్రతి నిజంగా రెండోదేనా?

దానంగా వచ్చిన పెద్ద కట్టలో మ్యూజియం దగ్గర ఇప్పటికే ఉన్న బొమ్మలు కొన్ని తప్పక ఉంటాయి. వాటినేం చేయాలి? బ్రిటిష్ మ్యూజియం వస్తువులు అమ్ముకోకూడదని 1963 చట్టం చెబుతుంది. అయితే కొన్ని మినహాయింపులున్నాయి. రెండో ప్రతి అయితే వదిలించుకోవచ్చు. 1850 తర్వాత తయారై, ప్రధానంగా అచ్చు సరుకు అయి, దాని ఫొటో ప్రతి దాచి ఉంటే అప్పుడూ వదిలించుకోవచ్చు. దానంగా వచ్చినదైతే మాత్రం దాత పెట్టిన షరతుకు విరుద్ధంగా పోకూడదు. చట్టం రాసినవాళ్ల మనసులో ఏముందో గానీ, మాటలు పట్టుకుని చదివితే రంగుల భక్తి పటాలన్నీ ఆ రెండో మినహాయింపులో ఇరుక్కుంటాయి. దానపత్రంలో ఒక్క వాక్యం ఎందుకంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది.

పైగా అచ్చు చిత్రాల్లో రెండో ప్రతి అన్నమాటే తేలిగ్గా వాడేది కాదు. రవివర్మ ప్రెస్ వేసిన ఒకే బొమ్మ రెండు కాగితాల అడుగు అంచు చూస్తే, ఒకదాని మీద బొంబాయి, మరోదాని మీద కార్లా-లోణావ్లా అని ఉండవచ్చు. ప్రెస్ ఊరు మారిందని, ఆ ప్రతి తర్వాతిదని ఆ ఒక్క పదమే చెబుతుంది. రాళ్లు అరిగిన కొద్దీ గీత మొద్దుబారుతుంది. ఖర్చు తగ్గించాలని ఒక రంగు మానేస్తే చెంపల గులాబీ ఛాయ మాయమవుతుంది. పక్కపక్కన పెడితే తప్ప ఇవేవీ కనిపించవు. రెండోదాన్ని అమ్మేస్తే పక్కన పెట్టడానికేమీ ఉండదు.

కుంకుమ మచ్చ తుడవాలా?

భక్తి పటాలకు మాత్రమే వచ్చే ప్రశ్న ఇది. పూజలో ఉన్న పటం మీద కుంకుమ బొట్టు, గంధం చుక్క, దీపం మసి, దండ తగిలించిన మేకు తుప్పు ఉంటాయి. మామూలు ప్రింటు మీద ఇవి మరకలు. భక్తి పటం మీద ఇవి వాడకానికి సాక్ష్యాలు. లక్ష్మి పాదాల దగ్గర కాగితం వేలి ముద్రలతో నునుపెక్కి, పై మూలలు కొత్తగా మెరుస్తూ ఉంటే, ఆ ఇంట్లో ఏం జరిగేదో పటమే చెప్పినట్టు. పాత పద్ధతిలో పనిచేసే మరమ్మతుదారు ఇవన్నీ కడిగేసేవాడు. ఇప్పుడు ఎక్కువమంది ముందు ఫొటో తీసి, కాగితానికి హాని చేసేదాన్ని మాత్రమే తొలగించి, మిగతాది ఉంచేస్తున్నారు.

హాని చేసేవీ తక్కువ కాదు. చవక పటాల కాగితంలో చెక్క గుజ్జు ఉంటుంది. అది కాలం గడిచేకొద్దీ ఆమ్లగుణం పెంచుకుని పసుపెక్కి, మడత దగ్గర పొడిపొడిగా విరుగుతుంది. ఫ్రేములో వెనక పెట్టిన చెక్కపలక ఆ పని ఇంకా వేగం చేస్తుంది. సెల్లోటేపు వేసి ఉంటే దాని జిగురు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు పట్టీ మిగులుతుంది. ఆమ్లం లేని అట్టలోకి మార్చడం, చిరుగులకు పలచటి జపాన్ కాగితాన్ని పిండి జిగురుతో అతకడం, ఒక్కో పటాన్ని విడిగా జాబితాలో ఎక్కించడం ఇవన్నీ మనిషి చేత్తో చేయాల్సిన పనులు. పటం ఉచితంగానే రావచ్చు, పని ఉచితం కాదు. దాతతో కొంత నిధి కూడా ఇమ్మని మ్యూజియాలు అడిగేది ఇందుకే. ఏ నిధీ లేకుండా వచ్చిన కట్టలు జాబితాకెక్కకుండా ఏళ్ల తరబడి పెట్టెల్లోనే ఉండిపోవడం ఎక్కడైనా ఉన్నదే.

అన్నీ సవ్యంగా జరిగినా, కాగితం మీద పడే వెలుతురును 50 లక్స్ దగ్గర ఆపడం, కొద్ది నెలలకే దాన్ని చీకట్లోకి పంపడం మామూలు పద్ధతి. కాబట్టి దానంగా వచ్చిన వందల పటాల్లో ఏ రోజైనా గోడ మీద కనిపించేవి గుప్పెడే. మిగతావి కావాలంటే అధ్యయన గదిలో అడిగి చూడాలి. బ్రిటిష్ మ్యూజియంలో ముందుగా సమయం తీసుకుంటే ఎవరైనా చూడవచ్చు. దూరాన ఉన్నవాళ్లకు స్కానింగే దారి. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, కాపీరైటు తీరిన తన వస్తువుల బొమ్మలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని ప్రకటించింది.

స్కాన్ చేసేది సాధారణంగా ముందు వైపే. పటం కట్టిన దుకాణం చీటీ, కొన్న తేదీ, ఇంటివాళ్లు పెన్సిలుతో రాసుకున్న పేర్లు వెనక ఉంటాయి. ఫ్రేము విప్పిన రోజున వెనక వైపు కూడా ఫొటో తీయించిన దాత, ఆ పటం ఏ గోడ మీద నుంచి వచ్చిందో కూడా ఇచ్చినట్టు.